ఆర్డర్‌లో లేని మాట

నేను కోర్టులో ఏం పని చేసేదాన్నో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే, "మా కోడలు మొగుడు పెళ్ళాల లొల్లి బంద్ చేపిస్తది" అని గొప్పగా చెప్పేది. ఇరవై మూడేళ్ళు కుటుంబ న్యాయస్థానంలో కౌన్సిలర్‌గా చేశాను. నేను నిజంగా బంద్ చేయించిన లొల్లులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ వాళ్ళంతట వాళ్ళే అలిసిపోయి ఆపారు. కొన్నిచోట్ల నేను వేలు పెట్టి పెంచినవి కూడా ఉన్నాయి. అలాంటిది ఒకటి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, ఫైళ్ళ గొడవ నేను రాయను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకి అవన్నీ క్యాంటీన్లోనే తెలిసిపోతాయి.

పిల్లల గది

మా కోర్టులో వరండా చివర ఒక గది ఉండేది. దాన్ని పిల్లల గది అనేవాళ్ళం. అమ్మానాన్న విడిపోయి, పిల్ల ఒకరి దగ్గర పెరుగుతుంటే, రెండోవాళ్ళు వచ్చి పిల్లని చూసుకునే చోటు అది. నెలలో మొదటి శనివారం, మూడో శనివారం, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా. గోడలకి పచ్చ రంగు, ఒక పొట్టి బల్ల, నాలుగు పొట్టి కుర్చీలు, తొండం విరిగిన ఏనుగు బొమ్మ, సగం కాయిన్లు పోయిన క్యారమ్ బోర్డు. ఆరడుగుల తండ్రులు ఆ పొట్టి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, పిల్లలతో ఏం మాట్లాడాలో తెలియక తంటాలు పడుతుంటే నాకు ఒకపక్క నవ్వొచ్చేది, ఒకపక్క జాలేసేది.

ఆ గదికి అసలు యజమాని మా ఆయా యాదమ్మ. కర్మన్‌ఘాట్ నుంచి వచ్చేది. మంగళవారమైతే హనుమంతుడి సిందూరం నుదుటి నిండా పెట్టుకుని దిగేది. ఏ పిల్లకి దాహమేస్తోందో, ఏ పిల్లకి బాత్రూం వస్తోందో ముఖం చూసి చెప్పేది. నేను సైకాలజీలో పీజీ చేశాను, యాదమ్మ అయిదో తరగతితో ఆపేసింది. ఆ గదిలో మాత్రం నేనే ఆవిడ దగ్గర చదువుకున్నాను.

నాకు పని నేర్పిన పెద్ద కౌన్సిలర్ సారు ఉండేవారు. మనిషి పొడి పొడిగా మాట్లాడేవారు గానీ మనసు వెన్న. నేను చేరిన మొదటి వారంలోనే ఆయన అన్నారు: "అమ్మా, ఏడ్చేవాళ్ళకి మంచినీళ్ళివ్వు. సలహా మాత్రం వాళ్ళు అడిగేదాకా ఇవ్వకు." మంచినీళ్ళివ్వడం తొందరగానే వచ్చింది. రెండోది రావడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

తిండి పెట్టనోడికి బిడ్డెందుకు?

ఈ ఉద్యోగంలో మీరు ఎక్కువసార్లు వినే మాట ఇదే. అత్తలంటారు, అమ్మలంటారు, వరండాలో కూర్చునే చెట్టుకింద ప్లీడర్లంటారు, ఆఖరికి ఆటోవాళ్ళు కూడా అంటారు. బిడ్డ ఖర్చుకి పైసా ఇవ్వడు గానీ చూడ్డానికి మాత్రం తయారవుతాడు, వాడికేం హక్కుందని.

చట్టం ఈ రెంటినీ విడదీసి పెట్టింది. పిల్ల పోషణకి డబ్బు కట్టడం ఒకటి, పిల్లని చూడ్డం ఒకటి. కట్టకపోతే వసూలు చేయడానికి కోర్టుకి వేరే దారులున్నాయి. జీతంలోంచి పట్టించొచ్చు, వారెంటు ఇవ్వొచ్చు. అంతేగానీ, కట్టలేదు కాబట్టి నీకు పిల్లని చూపించం అని ఎవరికి వాళ్ళు తీర్పు చెప్పుకోకూడదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కొత్తవాళ్ళ ట్రైనింగులో మైకు పట్టుకుని గంటసేపు చెప్పినదాన్ని కూడా.

అలాగని నేను ఎగ్గొట్టేవాళ్ళ పక్షం కాదు. కొత్త బుల్లెట్ బండి మీద దిగి, "పైసల్లేవు మేడం" అని నా ముందే చేతులు తిప్పినవాణ్ణి చూశాను. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంకొకాయన ఉండేవాడు, బ్యాంకు ఉద్యోగి. ఒకటో తారీఖు తప్పకుండా డబ్బు వేసేవాడు. పిల్లాడి దగ్గరికొచ్చి రెండు గంటలూ ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. ఆ బాబు యాదమ్మతో క్యారమ్స్ ఆడుకుని ఇంటికి పోయేవాడు. కాబట్టి, కట్టేవాడు మంచివాడు, కట్టనివాడు చెడ్డవాడు అని మీరు చప్పున గీత గీయకండి. నేను గీశాను.

నరసింహ, అనురాధ, సహస్ర

నరసింహది బాలాపూర్ దగ్గర. ఏసీ మెకానిక్. అనురాధ వాళ్ళది గుంటూరు వైపు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేది. ప్రేమించి పెళ్ళి చేసుకున్నారు. ఎందుకు విడిపోయారన్నది వాళ్ళ విషయం, నేను రాయను. ఒక కూతురు, సహస్ర. ఏడేళ్ళు, రెండో తరగతి. యాదమ్మతో "ఏంది" అనేది, తల తిప్పి వాళ్ళమ్మతో "ఏంటి" అనేది. రెండు భాషలూ ఆ పిల్ల నోట్లో ఎక్కడా తడబడేవి కావు. ఆ ముచ్చట చూడ్డానికే నేను శనివారాలు త్వరగా తిని వచ్చేదాన్ని.

పిల్ల తల్లి దగ్గర ఉండాలని, తండ్రి నెలనెలా ఇంత కట్టాలని, నెలకి రెండు శనివారాలు వచ్చి చూడొచ్చని ఆర్డరయింది. నరసింహ ఎండాకాలంలో రెండు మూడు నెలలది ఒకేసారి కట్టేవాడు. వానలు మొదలయ్యాక ఒక్క రూపాయి వచ్చేది కాదు. చూడ్డానికి మాత్రం ఒక్క శనివారమూ తప్పేవాడు కాదు. టూల్స్ సంచీ భుజాన వేసుకుని, మూడింటికి పది నిమిషాల ముందే గుమ్మంలో ఉండేవాడు. సహస్ర ఆ సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసి మా తొండం విరిగిన ఏనుగుకి ఆపరేషన్లు చేసేది.

ఒక శనివారం ఐదయ్యాక అనురాధ నా గదిలోకి వచ్చింది. ఆ అమ్మాయి ఏడ్చే రకం కాదు. ఆ రోజు మాత్రం కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మేడమ్, స్కూలు ఫీజు నేనే కట్టాలి. జ్వరమొస్తే సెలవు పెట్టుకుని నేనే కూర్చోవాలి. హోంవర్క్ చెయ్యమని అరిచి చెడ్డదాన్నీ నేనే అవ్వాలి. ఈయనేమో నెలకి రెండుసార్లొచ్చి నవ్వించి వెళ్ళిపోతాడు. పిల్ల ఇంటికొచ్చాక వారం రోజులు 'నాన్న, నాన్న' అంటుంది. ఇదెక్కడి న్యాయమండీ?"

ఆ మాటలో ఒక్క అక్షరం తీసెయ్యడానికి లేదు. నాకు రక్తం మరిగింది. నా నోరు అసలే మంచిది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చిన్నప్పటినుంచి మొత్తుకునేది, వింటేగా! తగుదునమ్మా అని లేచి, వరండాలో నిలబడ్డ నరసింహ మీద పడ్డాను.

"ఏందయ్యా, గిట్ల ఒట్టి చేతులు ఊపుకుంట ఒస్తవా? బిడ్డ మొకం చూడనీకి సిగ్గనిపిస్తలేదా? పైసలు తెచ్చినంకనే ఈ గడప తొక్కు!"

నోట్లో నాలుక లేని మనిషి. నా వంక ఒకసారి చూసి, "సరే మేడం" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"థాంక్స్ మేడమ్. ఇన్నాళ్ళకి ఒకరు గట్టిగా అడిగారు" అంది అనురాధ. నేను ఛాయ్ తెప్పించుకుని తృప్తిగా తాగాను. నేనన్న మాట ఆర్డర్‌లో ఎక్కడా లేదన్న సంగతి ఆ ఛాయ్ తాగుతున్నంతసేపూ నాకు తట్టనే లేదు.

రాని శనివారాలు

ఆ తర్వాత శనివారం నరసింహ రాలేదు. డబ్బు సర్దుకోవడానికి పోయుంటాడులే అనుకున్నాను. సహస్రకి ఆ వారమే ముందు పన్ను ఊడింది. జామెట్రీ బాక్సులో దూదిలో చుట్టి తెచ్చింది.

"యాదమ్మా, నాన్న ఒచ్చిండా? గీ పన్ను నాన్నకి చూపియ్యాలె. నువ్వు నాకు జూపు అన్న గూడ చూపియ్య. ముందుగాల నాన్నకే."

ఐదింటిదాకా ఆ బాక్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండోసారీ తెచ్చింది, మూడోసారీ తెచ్చింది. నేను రిజిస్టర్లో "తండ్రి రాలేదు" అని రాస్తూ పోయాను. నాలుగోసారి బాక్సు లేకుండా వచ్చింది. పన్నేదమ్మా అనడిగాను.

"అమ్మ మేడ మీదకి విసిరేసింది. కొత్తది వచ్చేస్తోంది" అని పెదవి పైకెత్తి చూపించింది. తెల్లగా, బియ్యపు గింజంత కనపడింది. ఆ రోజు నాన్న ఎప్పుడొస్తాడని ఎవరినీ అడగలేదు. గోడవైపు తిరిగి బొమ్మకి రంగులు వేసుకుంది. అడగడం మానేసిన పిల్లని చూస్తే నాకు భయమేసింది.

ఈలోగా అనురాధ కోర్టులో పిటిషన్ వేసింది. డబ్బూ కట్టడం లేదు, రావడమూ లేదు, పిల్ల ఊరికే ఎదురుచూసి కుంగిపోతోంది, కాబట్టి ఈ శనివారాలు రద్దు చేయండి అని. అందులో తప్పేముంది? నేనైనా అదే చేసేదాన్ని. జడ్జిగారు నన్ను రిపోర్టు అడిగారు. "తండ్రికి ఆసక్తి లేదు" అని నేను ఒక్క ముక్క రాస్తే చాలు, సహస్రకి నాన్న అక్కడితో లేనట్టే.

యాదమ్మని నేను అడగలేదు

అలా ఐదోసారి వచ్చిన శనివారం. సన్నగా వాన. పిల్ల లోపల బొమ్మలేసుకుంటోంది, అనురాధ వరండాలో పేపర్లు దిద్దుకుంటోంది. నేను నా గదిలో రిపోర్టు మొదలుపెట్టాను. యాదమ్మ చీపురు పట్టుకుని వచ్చి, నా బల్ల పక్కన ఊడ్చిందే ఊడుస్తోంది.

"మేడం, గా పిల్ల నాయిన ఒస్తలేడని రాస్తున్నరా?"

"ఒస్తలేడు గద యాదమ్మా."

"ఒస్తలేకపోవుడేంది? రోడ్డవతల బోండాల బండి కాడ నిలబడ్తడు. పిల్ల ఆటో దిగంగ చూస్తడు, మల్ల ఎక్కంగ చూస్తడు, పోతడు. గిప్పుడు గూడ ఉన్నడు."

కలం బల్ల మీద పెట్టేశాను. "ముందే ఎందుకు చెప్పలే?"

"మీరు అడిగిన్రా?"

ఇరవై ఏళ్ళుగా మనుషులని మాట్లాడించి జీతం తీసుకున్నదాన్ని. నా పక్కనే ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు. మీరు చేరగానే చేయవలసిన మొదటి పని చెప్తున్నాను, రాసుకోండి: మీ ఆయాతో కలిసి ఛాయ్ తాగండి.

గొడుగు కూడా తీసుకోకుండా రోడ్డు దాటాను. మెట్రో పిల్లర్ చాటున, కొబ్బరిబోండాల బండి పక్కన నరసింహ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే చేతిలో హెల్మెట్ కింద పడేశాడు.

"నరసింహా, ఈడేం చేస్తున్నవ్?"

"ఏం లేదు మేడం. పోతున్న, పోతున్న."

"లోపటికి ఎందుకు ఒస్తలేవు?"

"మీరే గద మేడం అన్నరు, పైసలు తెచ్చినంకనే గడప తొక్కుమని. జమ అయితలేవు. వానలు పడ్డంక ఏసీ ఎవ్వలు చేపిస్తరు? నాగోల్ అపార్ట్‌మెంట్లల్ల ప్లంబింగ్ పనికి గూడ పోతున్న. కిరాయికే సరిపోతున్నయి. గందుకే ఈడికెళ్ళే చూసి పోతున్న."

"అరే, నేనేదో కోపంల అన్న. నా మాట పట్టుకొని ఆగుతరా ఎవరన్న?"

"మీరు కోర్టు మేడం గద" అన్నాడు. అమాయకంగానే అన్నాడు. "మీరంటే కోర్టు అన్నట్టే గద."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నడువు, ఇప్పుడే రా, నేను తీసుకుపోతానని చెయ్యి పట్టుకున్నాను. వద్దు మేడం, అనురాధ కొట్లాడుతది, బిడ్డ ముందల వద్దు అని అతను, ఏం కాదు రమ్మని నేను. ఆ తగువులో ఉండగానే ఐదయింది, గేటు ముందు ఆటో ఆగింది, తల్లీకూతుళ్ళు ఎక్కారు, ఆటో మా ముందు నుంచే చౌరస్తా వైపు పోయింది. నరసింహ చెయ్యి సగం పైకి లేచి అక్కడే ఆగిపోయింది. వాన కదా, ఆటోకి పరదా దించి ఉంది. పిల్లకి మేము కనపడలేదు.

జడ్జిగారు కళ్ళద్దాలు తీశారు

నిజం చెప్తున్నాను, రెండు రోజులు తప్పించుకునే దారులు వెతికాను. "తండ్రి ఆర్థిక ఇబ్బందుల వల్ల రాలేకపోయాడు" అని రాస్తే అబద్ధమూ కాదు, నా పేరూ రాదు. అలా ఒక రిపోర్టు రాశాను కూడా. చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. చింపేసి, నేనన్న మాటని అన్నది అన్నట్టు, "గడప తొక్కు"తో సహా రాసి ఇచ్చాను.

మా జడ్జిగారు ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. కోపమొస్తే కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేవారు. ఆ రోజు తీశారు.

"అంటే, నేను రాసిన ఆర్డర్‌కి మీరొక షరతు కలిపారన్నమాట."

"అవునండీ."

"ఇలా ఇంకెంతమందికి చెప్పారు?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. కోపంలో అన్నవి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? విన్నవాళ్ళు పెట్టుకుంటారు. ఎంతమంది నాన్నలు, ఎంతమంది అమ్మలు ఏ రోడ్డవతల ఆగిపోయారో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మెమో ఇచ్చారు, ఇవ్వవలసిందే.

శనివారాలు యథాప్రకారం సాగాలన్నారు. డబ్బు సంగతి విడిగా తేల్చారు: ఎండాకాలం నెలల్లో ఎక్కువ, వానాకాలంలో తక్కువ, ఏ నెలా సున్నా మాత్రం ఉండకూడదు, తప్పితే వారెంటే. ఏసీ మెకానిక్‌కి వానల్లో పని ఉండదన్న చిన్న సంగతి అంతవరకు ఎవరికీ తట్టలేదు. వకీళ్ళకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

బయటికి రాగానే అనురాధ నిలదీసింది. "అంటే ఎగ్గొట్టినా ఫర్వాలేదన్నమాట! నా బాధ ఎవరికీ పట్టదన్నమాట!"

"నీ కోపం న్యాయమే తల్లీ. నీకు సాయం చేస్తున్ననని నేను నోరు జారిన. నీకు పైసా రాలేదు, బిడ్డకు నాయిన రాలేదు. తప్పు నాది. మన్నించు" అన్నాను. నా కూతురి వయసు పిల్లకి చేతులు జోడించాను.

ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుని దించింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ రోజు మీరలా తిడుతుంటే నాకు భలే సంతోషమేసింది మేడమ్. ఇప్పుడు అదే తలుచుకుంటే ఏదోలా ఉంది."

ఆ తర్వాతి శనివారం

నరసింహ మూడింటికి పది నిమిషాల ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి నా వంక చూశాడు. నేను రమ్మని తలూపాకే లోపలికి అడుగు పెట్టాడు.

సహస్ర పరుగెత్తుకుని వెళ్తుందనుకున్నాం అందరం. వెళ్ళలేదు. పొట్టి కుర్చీలో గోడవైపు తిరిగి రంగులు వేసుకుంటూనే ఉంది. నేను, అనురాధ బయట వరండా బెంచీ మీద కూర్చున్నాం. తలుపు తీసే ఉంది. యాదమ్మ గుమ్మంలో నిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డా" అన్నాడు నరసింహ. పిల్ల తిరగలేదు.

"నేను రాలేదనుకోకు బిడ్డా. ఒచ్చిన. అన్నిసార్లు ఒచ్చిన. గా రోడ్డవతల నిలబడి నిన్ను చూసి పోయిన. నువ్వు ఎర్ర గౌను ఏసుకున్ననాడు చూసిన. రెండు జడలు ఏసుకున్ననాడు చూసిన. ఒక్కసారి గూడ తప్పలే."

పిల్ల చేతిలో రంగు పెన్సిల్ ఆగింది. కుర్చీతో సహా ఇటు తిరిగింది.

"నువ్వు చూసినవ్. మరి నేను చూడొద్దా?"

మా పెద్ద సారుకి తట్టని మాట, నా పీజీకి తట్టని మాట, అన్ని వాయిదాల్లో ఒక్క వకీలు నోట రాని మాట. తండ్రికి చూసే హక్కుందా లేదా అని మేమందరం ఏళ్ళ తరబడి కొట్టుకున్నాం. చూడవలసింది ఆ పిల్ల అని మాలో ఒక్కరూ అనలేదు.

నరసింహ రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సహస్ర లేచి అతని దగ్గరికి వెళ్ళింది. అతని వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

"చేతులు తియ్యి నాన్నా. కనపడ్తలేవు."

అతను చేతులు తీశాడు. పిల్ల అతని మోకాళ్ళ మధ్య నిలబడి, రెండు చెంపలూ పట్టుకుని, అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఏవేవో కబుర్లు మొదలయ్యాయి, నవ్వులూ వినిపించాయి. ఐదు కొట్టింది. ఆర్డర్ ప్రకారం టైమైపోయిందని చెప్పడానికి నేను బెంచీ మీంచి లేచాను.

అనురాధ ఫోను మోగుతోంది. కోచింగ్ సెంటర్ వాళ్ళు కాబోలు. ఆ అమ్మాయి ఫోను కట్ చేసి, నా చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

"ఉండండి మేడమ్" అంది. "దాన్ని చూడనివ్వండి."